గుట్ట మీది కోట లాంటి పాత ఇల్లు ఎవరెవరి చేతులు మారిందో వెతకడం ఎలా

హైదరాబాద్‌లో ఏ గుట్ట చూసినా దాని మీద ఎవరో ఒక నవాబు కట్టించిన ఇల్లు ఉంటది, లేదా ఉండేది. ఫలక్‌నుమా, ఆస్మాన్‌గఢ్, నౌబత్ పహాడ్ మీద హిల్ ఫోర్ట్, పంజాగుట్ట దారిలో ఎర్రమంజిల్, ఇవి పేరున్నవి. పేరు లేనివి ఇంకా చాలా ఉన్నాయి, బంజారాహిల్స్ సందుల్లో, సైఫాబాద్ వెనకాల, మలక్‌పేట వైపు, బురుజులు పెట్టి రాయితో కట్టినవి, ఇప్పుడు చుట్టూ అపార్ట్‌మెంట్లు వచ్చేసి రోడ్డు మీంచి సగం కూడా కనపడనివి. వాటి ముందు ఆగి ఇదెవరిది అని అడిగితే అందరూ ఒకటే మాట అంటారు, నిజాంది అని. చాలాసార్లు అది తప్పు, లేదా సగమే నిజం. అసలు సంగతి ఎట్లా పట్టుకోవాలో నేను కొన్నేళ్లుగా తిరిగి నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నా, మీ ఇంటి దగ్గర ఇట్లాంటి ఇల్లు ఉంటే పనికొస్తది.

నాకు ఈ పిచ్చి ఎట్లా పట్టిందో ముందు చెప్తా. మా పెద్దబాపు చాలా ఏళ్లు ఒక చిన్న గుట్ట మీద పాత బంగ్లాలో వెనక పోర్షన్ కిరాయికి ఉండేవాడు, ముందు వైపు రెండు బురుజులు, మధ్యలో కమాను, పిల్లలమంతా దాన్ని బురుజు బంగ్లా అనేవాళ్లం, ఎండాకాలం సెలవులకి పోతే ఆ బురుజు లోపలి గుండ్రటి మెట్ల మీదనే మా ఆటలు. ఆ ఇల్లు నిజాం తన దివాన్‌కి రాసిచ్చాడని పెద్దబాపు చనిపోయేదాకా చెప్పాడు. నేను ఆ మాట పట్టుకుని దివాన్ల పేర్ల వెంట ఒక ఏడాది తిరిగా, ఏమీ దొరకలేదు, ఎందుకంటే ఆ ఇంటికి దివాన్‌కి సంబంధమే లేదు. కట్టించింది ఒక వకీలు, అమ్మింది ఆయన కొడుకులు. ఆ ఏడాది పోకుండా ఉండాలంటే ఏం చేయాలో అదే మొదటి మెట్టు.

కట్టించినవాడి దగ్గర మొదలుపెట్టకండి. ఇవాళ ఎవరి పేరు మీద ఉందో అక్కడ మొదలుపెట్టి ఒక్కో చెయ్యి వెనక్కి నడవండి. మనకి సహజంగా మొదటి నవాబు గురించే ఆసక్తి ఉంటది కానీ కాగితం అట్లా దొరకదు, ప్రతి దస్తావేజులో తన వెనకాల దాని గురించి ఒక మాట రాసి ఉంటది, "ఫలానా వారి నుంచి ఫలానా నంబర్ దస్తావేజు ద్వారా కొన్న" అని, ఆ మాటే మిమ్మల్ని వెనక్కి తీసుకుపోతది. ముందు నుంచి వస్తే ఏ దారిలో పోవాలో చెప్పేది ఏదీ ఉండదు, అన్నీ కథలే.

ఇక్కడే ఒక పెద్ద పొరపాటు జరుగుతది, ఉంటున్నవాళ్లని ఓనర్లు అనుకోవడం. ఫలక్‌నుమా ఇప్పుడు తాజ్ వాళ్లదని సగం సిటీ అనుకుంటది, వాళ్లది లీజు మాత్రమే, 2000లో తీసుకుని, చాలా ఏళ్లు రిపేర్లు చేసి, 2010 నవంబర్‌లో హోటల్‌గా తెరిచారు. హిల్ ఫోర్ట్‌ని మన పెద్దవాళ్లు ఇప్పటికీ రిట్జ్ అంటారు, అక్కడ రిట్జ్ హోటల్ నడిచింది నిజమే కానీ హోటల్ నడపడం వేరు, ఇల్లు సొంతం కావడం వేరు. అందుకని ఒక పుస్తకంలో రెండు కాలమ్‌లు గీసుకోండి, ఒకదాంట్లో ఓనర్ ఎవరు, రెండోదాంట్లో ఎవరున్నారు లేదా ఎవరు వాడుకున్నారు. రెండూ కలిపేస్తే తర్వాత విడదీయడం చాలా కష్టం.

ఆఫీసులకి పోయే ముందు ఆ ఇంటికి ఉన్న పేర్లన్నీ, నంబర్లన్నీ రాసుకోండి. ఇది చిన్న పనిలా కనిపిస్తది కానీ సగం వెతుకులాట ఇక్కడే తేలిపోతది. ఇంటికి ఒక ఫార్సీ పేరు ఉంటది, ఒక ఇంగ్లీష్ పేరు ఉంటది, బస్తీ వాళ్లు పెట్టుకున్న పేరు ఇంకోటి ఉంటది. ఎర్రమంజిల్ సంగతే చూడండి, నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన ఇంటి అసలు పేరు ఇరమ్ మంజిల్, ఇరమ్ అంటే స్వర్గంలో తోట. ఆ గుట్టని తెలుగువాళ్లు ఎర్రగడ్డ అనేవాళ్లని, ఆ శబ్దానికి దగ్గరగా ఉంటదనే ఇరమ్ అని పెట్టారని చెప్తారు, చివరికి జనం నోట్లో అది మళ్లీ ఎర్ర అయిపోయింది, మెట్రో స్టేషన్ మీద కూడా అదే పేరు. ఇప్పుడు మీరు పాత ఉర్దూ కాగితాల్లో "ఎర్ర" అని వెతికితే ఏం దొరుకుతది? అట్లాగే ఇంటి నంబర్లు. మన సిటీలో నంబర్ అంటే వార్డు, బ్లాకు, ఇల్లు అని మూడు ముక్కలు, వార్డులు మారినప్పుడు నంబర్ మారిపోయింది, పెద్ద కాంపౌండ్ ముక్కలైనప్పుడు చివర్లో స్లాష్ పెట్టి ఏ, బీ, ఒకటి, రెండు అని చేరాయి. పాత ప్రాపర్టీ ట్యాక్స్ రసీదు ఒక్కటి దొరికినా దాని మీద పాత నంబర్, కొత్త నంబర్ రెండూ ఉండొచ్చు, అది చాలా విలువైన కాగితం, పక్కింటి వాళ్ల దగ్గరున్నా అడిగి ఫోటో తీసుకోండి.

తర్వాత ఇంటినే నిదానంగా చూడండి, లోపలికి రానిస్తే సరే, లేకపోతే గేటు దగ్గర నుంచైనా. గ్రిల్లు, తలుపు పైన చెక్కడం, కమాను మీద అక్షరాలు, నేల మీద టైల్స్, వాటర్ ట్యాంకు మీద సంవత్సరం, ఇవన్నీ చూడాలి. ఫలక్‌నుమాలో కట్టించిన వికార్ ఉల్ ఉమ్రా పేరుకి గుర్తుగా వీ, ఓ అని రెండు ఇంగ్లీష్ అక్షరాలు పెనవేసి గోడల మీద, సీలింగ్ మీద, కుర్చీల మీద కూడా పెట్టించాడు. ఆ ఇల్లు ఆరో నిజాం చేతికి పోయి వందేళ్లు దాటినా ఆ అక్షరాలు అట్లాగే ఉన్నాయి. అంటే ఓనర్ మారినా కట్టించినవాడి సంతకం గోడ మీద మిగిలే ఉంటది. కింగ్ కోఠీ గురించి ఒక మాట చెప్తారు, కమాల్ ఖాన్ అనే ఆయన కట్టించుకుని తలుపుల మీద అంతా కే, కే అని చెక్కించుకున్నాడు, అది నిజాం కొన్నాక ఇంకొకరి పేరు ఎట్లా ఉంచుతాం అని, చెక్కింది చెరపకుండానే కింగ్ కోఠీ అని అర్థం చెప్పేశారంట. కథలో ఎంత కలిసిందో పక్కన పెడితే మనకి కావల్సింది ఆ పద్ధతి, గోడ మీద ఉన్న అక్షరాలకి ఇప్పటి పేరు కాకుండా ఇంకో పేరు సరిపోతుందా అని అడగడం.

మా బురుజు బంగ్లాలో కూడా అదే నన్ను దారిలో పెట్టింది. కుడి బురుజు మెట్ల మొదట్లో, చెయ్యి ఆనించే ఇనుప కడ్డీ కింద, చిన్న ఇత్తడి రేకు, పూత మీద పూతగా సున్నం పడి కనిపించకుండా పోయింది, చిన్నప్పుడు దాన్ని ఎన్నిసార్లు పట్టుకున్నానో. తడి గుడ్డతో మెల్లగా రుద్దితే ఉర్దూలో ఒక పేరు, పక్కన వకీల్ అనే మాట బయటపడ్డాయి. దివాన్ కథ ఆ రోజే అయిపోయింది. సున్నం గీకడానికి కత్తి, బ్లేడు మాత్రం వాడకండి, అక్షరాలు కూడా పోతాయి.

ఇప్పుడు కాగితాలు. మొదటిది ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఒక ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా. తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో 1983 నుంచి ఉన్న లావాదేవీలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, ఇంటి నంబర్ కొట్టి ఒకసారి, సర్వే నంబర్ కొట్టి ఒకసారి, దస్తావేజు నంబర్ తెలిస్తే దాంతో ఒకసారి, మూడు రకాలుగా తీయండి, ఎందుకంటే ఒక దాంట్లో వచ్చిన ఎంట్రీ ఇంకోదాంట్లో రాకపోవచ్చు. అందులో సేల్, గిఫ్ట్, మార్ట్‌గేజ్, లీజు, పార్టిషన్ అని అన్నీ వరుసగా ఉంటాయి. మార్ట్‌గేజ్‌లు వదిలేయకండి, ఓనర్ అప్పుల్లో పడిన సంవత్సరం అదే చెప్తది, ఆ తర్వాత రెండు మూడేళ్లలో అమ్మకం వచ్చిందంటే ఎందుకు అమ్మారో మీకు అర్థమైపోతది.

1983కి ముందు కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీస్‌కి పోవాల్సిందే. ఇక్కడ చాలామందికి తెలియని విషయం, స్థిరాస్తి దస్తావేజులు ఎక్కించే పుస్తకాన్ని బుక్ 1 అంటారు, రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 57 ప్రకారం ఫీజు కట్టి అడిగితే ఆ బుక్‌లో ఉన్నది ఎవరైనా చూడొచ్చు, సర్టిఫైడ్ కాపీ తీసుకోవచ్చు, మీరు ఓనర్ అయి ఉండక్కర్లేదు. విల్లులు ఉండే బుక్ 3 మాత్రం అట్లా కాదు, విల్లు రాసినవాళ్లు బతికున్నంత కాలం వాళ్లకే కాపీ ఇస్తారు, చనిపోయాకే వేరేవాళ్లు అడగొచ్చు. బుక్ 1కి రెండు ఇండెక్స్‌లు ఉంటాయి, ఒకటి మనుషుల పేర్ల మీద, ఇంకోటి ఆస్తి మీద. ఆస్తి ఇండెక్స్‌లో దొరక్కపోతే పేర్ల ఇండెక్స్‌లో చూడండి, మన పాత ఇళ్లకి నంబర్లు మారిపోయాయి కాబట్టి పేరుతోనే ఎక్కువసార్లు దొరుకుతది. నేను వెళ్లిన ఒక ఆఫీసులో అంత పాతవి లేవు పొమ్మన్నారు, మూడు సార్లు తిప్పారు, నాలుగోసారి సంవత్సరం, పేరు, సెక్షన్ నంబర్ కాగితం మీద రాసి దరఖాస్తుగా ఇస్తే అదే బీరువాలోంచి తీశారు. నోటి మాటతో అడగకండి, రాసి ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ రోజు నాకు చాలా బాధేసింది, ఎంతమంది మూడోసారికే ఇంటికి పోయుంటారో అని.

నిజాం కాలం దస్తావేజు చేతికొస్తే అసలు పని అప్పుడు మొదలవుతది. భాష ఉర్దూ, ఇంకా పాతదైతే ఫార్సీ, రాత షికస్తా అంటే విరిగినట్టు గొలుసుగా ఉంటది, ఉర్దూ బాగా వచ్చినవాళ్లు కూడా తడబడతారు. పాతబస్తీలో దస్తావేజులు రాసే పని చేసిన పెద్దవాళ్లు ఇంకా కొందరున్నారు, వాళ్లే దీనికి దిక్కు, చదివించుకునేటప్పుడు ఫోన్‌లో వాయిస్ రికార్డు చేసుకోండి, వాళ్లని అడిగే చేయండి. ముఖ్యంగా నాలుగు చోట్ల దృష్టి పెట్టాలి, అమ్మినవాడి తండ్రి పేరు, కొన్నవాడి తండ్రి పేరు, నాలుగు వైపులా హద్దులు, తారీఖు. తండ్రి పేర్లు ఎందుకంటే ఒకే బిరుదు తండ్రికీ కొడుక్కీ మనవడికీ ఉంటది, జంగ్, దౌలా, ముల్క్ అని బిరుదు ఒక్కటే చూసి మూడు తరాలని ఒక మనిషి చేసేసిన రాతలు నేను బోలెడు చూశా.

తారీఖు దగ్గర జాగ్రత్త. హైదరాబాద్ సంస్థానంలో ప్రభుత్వ కాగితాలు ఫస్లీ అనే క్యాలెండర్‌లో నడిచాయి. చివరి దశాబ్దాల లెక్క ప్రకారం ఏడాది అక్టోబర్ 6న ఆజుర్ నెలతో మొదలవుతది, తర్వాత దై, బహ్మన్, ఇస్ఫందార్, ఫర్వర్దీ, ఉర్దీబెహిష్త్, ఖుర్దాద్, తీర్, అమర్దాద్, షహ్రేవర్, మెహర్, ఆబాన్. అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపు తారీఖైతే ఫస్లీకి 590 కలపాలి, జనవరి నుంచి సెప్టెంబర్ వైపు వస్తే 591 కలపాలి. 1351 ఫస్లీ ఖుర్దాద్ అని ఉంటే 1942 ఏప్రిల్ ప్రాంతం అన్నమాట. నేను మొదట్లో అన్నిటికీ 590 కలుపుతూ పోయా, దాంతో ఒక అమ్మకం ఆ కొన్నాయన చనిపోయిన ఏడాది కంటే తర్వాత తేలింది, అప్పుడు గానీ వెనక్కి తిరిగి అన్ని లెక్కలూ మళ్లీ వేసుకోలేదు. అసలు తప్పు 590లోనే లేదు, అది హిజ్రీ, అంటే ఇస్లామిక్ క్యాలెండర్ తారీఖు, నేను ఫస్లీ అనుకున్నా. హిజ్రీ చాంద్రమానం, ఏడాదికి 354 రోజులే, దానికి కూడిక తీసివేతలు పనికిరావు, కన్వర్షన్ టేబుల్ చూసి నెలతో సహా మార్చుకోవాలి.

డబ్బు సంగతి కూడా చూడాలి. సంస్థానానికి సొంత రూపాయి ఉండేది, హాలీ సిక్కా అనేవాళ్లు, 7 హాలీ రూపాయలు 6 బ్రిటిష్ రూపాయలకి సమానం. ఉస్మానియా సిక్కా అని రాసున్నా అదే. ధర పోల్చేటప్పుడు ఏ రూపాయో చూసుకోకపోతే లెక్క తప్పుతది. జాగా కొలతకి గుంట అంటే 121 చదరపు గజాలు, 40 గుంటలు ఒక ఎకరం, పాత ఇనాం కాగితాల్లో అయితే బిఘాలు కనిపిస్తాయి.

ఇక ఖాళీలు. వెనక్కి నడుస్తూ పోతుంటే ఎక్కడో ఒక చోట తెగిపోతది, ఒక పేరు నుంచి ఇంకో పేరుకి మారింది కానీ మధ్యలో దస్తావేజు లేదు. కంగారు పడి అక్కడ కథ అల్లేయకండి. మన సిటీలో దీనికి మామూలు కారణాలు కొన్ని ఉన్నాయి. ఒకటి హిబా, ముస్లిం చట్టం ప్రకారం ఆస్తిని నోటి మాటతో ఇచ్చి, తీసుకున్నవాళ్లు ఒప్పుకుని, స్వాధీనం అప్పగిస్తే చెల్లుతది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. నవాబు తన కూతురికో భార్యకో ఇల్లు ఇట్లా ఇచ్చి ఉంటే మీకు రిజిస్టర్‌లో ఏమీ దొరకదు, తర్వాత ఎప్పుడో ఆమె అమ్మేటప్పుడు దస్తావేజులో "నాకు హిబా ద్వారా సంక్రమించిన" అని ఒక్క వాక్యం ఉంటది, అంతే. రెండోది విరాసత్, వారసత్వం. మూడోది కోర్టు. పెద్ద కుటుంబాల ఇళ్లు కోర్టు డిక్రీ మీదే ఎక్కువ చేతులు మారాయి, పాయిగాలు అంటే నిజాం తర్వాత అంత పెద్ద నవాబుల కుటుంబం, అందులో ఖుర్షీద్ జా వారసుల పంపకాల దావా, సీఎస్ 14 ఆఫ్ 1958 అని మన రియల్ ఎస్టేట్ వాళ్లందరికీ నోటికొచ్చిన నంబర్, దశాబ్దాలు నడిచింది.

ఈ కోర్టు దారి గురించి కొంచెం ఎక్కువ చెప్తా ఎందుకంటే నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఇదే. హైకోర్టు, సుప్రీంకోర్టు తీర్పులు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. తీర్పు ఏమైందన్నది మనకి అంత ముఖ్యం కాదు, మొదటి పేజీల్లో కేసు నేపథ్యం రాస్తారు చూడండి, అదే బంగారం. ఫలానా నవాబు ఫలానా సంవత్సరంలో చనిపోయాడు, ఇంతమంది భార్యలు, ఇంతమంది పిల్లలు, ఫలానా ఇల్లు ఫలానా వాళ్ల స్వాధీనంలో ఉంది అని వరుసగా ఉంటది, రెండు వైపుల లాయర్లూ గుచ్చి గుచ్చి చూసిన విషయాలు కాబట్టి ఇంటింటా చెప్పే కథల కంటే వంద రెట్లు నమ్మొచ్చు. కాకపోతే వాది చెప్పేదీ, కోర్టు నిజమని ఒప్పుకున్నదీ వేరు వేరు, ఏది ఎవరి మాటో చూసి రాసుకోండి.

1948, 1949 దగ్గరికి వచ్చేసరికి నెమ్మదించండి. 1948 సెప్టెంబర్‌లో సంస్థానం ఇండియన్ యూనియన్‌లో కలిసింది, 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు రెగ్యులేషన్ వచ్చింది, నిజాం సొంత భూములైన సర్ఫ్-ఎ-ఖాస్ కూడా ఆ ఏడాదే ప్రభుత్వంలో కలిసింది. జాగీర్ ఆదాయం మీద బతికిన కుటుంబాలకి అంత పెద్ద ఇల్లు, నౌకర్లు, తోటలు నడపడం ఇక చేతకాలేదు, అందుకే 1950ల్లో గుట్టల మీది ఇళ్లు కుప్పలుగా చేతులు మారాయి, కొన్ని ప్రభుత్వ ఆఫీసులు అయ్యాయి, కొన్ని స్కూళ్లు, కొన్ని హోటళ్లు. పాకిస్తాన్ వెళ్లిపోయిన వాళ్ల ఇళ్లైతే ఎవాక్యూ ప్రాపర్టీ కింద కస్టోడియన్ అనే ప్రభుత్వ అధికారి చేతికి పోయాయి. మీ ఇంటి కథలో ఈ పదేళ్లలో మార్పు ఉంటే కుటుంబం అమ్ముకోవడం, ప్రభుత్వం తీసుకోవడం, ఎవాక్యూ, ఈ మూడింట్లో ఏదో ఒకటి అయ్యుండే అవకాశం ఎక్కువ, ముందు వాటినే వెతకండి. ఆ తర్వాత 1971లో రాజభరణాల రద్దు, 1976లో అర్బన్ ల్యాండ్ సీలింగ్ చట్టం, ఇవి కూడా పెద్ద కాంపౌండ్లు ముక్కలు కావడానికి కారణాలే.

ఇల్లు ఎప్పటిది అన్నదానికి మ్యాపుల్లో మన అదృష్టం పెద్దది. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద సిటీని తుడిచిపెట్టాక కొత్తగా ప్లాన్ చేయడానికి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు, ఆ రోజుల్లోనే లియోనార్డ్ మన్ అనే ఆయన 1912 నుంచి 1915 దాకా ఇల్లిల్లూ కొలిచి సర్వే షీట్లు గీశాడు, వాటినే మన్ మ్యాపులు అంటారు. బావులు, చెట్లు, గోడలు, మెట్లు కూడా కనిపిస్తాయి. మీ ఇల్లు ఆ షీట్‌లో ఉంటే 1915కి ముందుదే, మీ గుట్టకి షీట్ ఉండి అందులో ఇల్లు లేకపోతే తర్వాతది, ఇంత సూటిగా తేల్చే ఆధారం ఇంకోటి లేదు. గుట్టల వైపు పని చేసేటప్పుడు ఒక కిటుకు, భవనం ఆకారం కంటే గుట్ట ఎక్కే దారి వంపు చూడండి, ఇల్లు పెరిగి తరిగి మారిపోతది కానీ బండల మధ్య ఆ దారి అక్కడే ఉంటది, దాన్నిబట్టి ఇప్పటి శాటిలైట్ మ్యాపు మీద పెట్టి సరిచూసుకోవచ్చు.

తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్ ఉంది, ఫర్మానాలు అంటే నిజాం ఆజ్ఞలు, ముంతఖబ్‌లు అంటే జాగీర్, ఇనాం హక్కులు ఖాయం చేసిన పత్రాలు, పాత శాఖల ఫైళ్లు అక్కడ ఉంటాయి, ఐడీ ప్రూఫ్‌తో పాటు ఏం వెతుకుతున్నారో రాసిన లెటర్ పట్టుకెళ్లండి, ఒక్క రోజులో అయిపోతదని పోకండి. నిజాం ప్రభుత్వ గెజిట్‌ని జరీదా అంటారు, ఇల్లు ప్రభుత్వం తీసుకున్నదైతే అందులో దొరికే అవకాశం ఉంది. అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైంది, అక్కడ కృష్ణస్వామి ముదిరాజ్ గారి పిక్టోరియల్ హైదరాబాద్ కోసం అడగండి, మొదటి భాగం 1929, రెండోది 1934, ఆ కాలపు కుటుంబాలు, ఇళ్లు ఫోటోలతో సహా ఉన్నాయి. లాలా దీన్ దయాళ్ తీసిన ఫోటోలు చూస్తే ఫలక్‌నుమా చుట్టూ అప్పట్లో ఎంత ఖాళీ ఉండేదో తెలుస్తది.

ఇదంతా కలిపి ఒక ఇంటికి ఎట్లా వర్తిస్తదో హిల్ ఫోర్ట్‌తో చూపిస్తా. నౌబత్ పహాడ్ మీద 1915లో సర్ నిజామత్ జంగ్ కట్టించుకున్నాడు, కేంబ్రిడ్జ్ ట్రినిటీ కాలేజీలో చదివినాయన, హైకోర్టు చీఫ్ జస్టిస్‌గా చేశాడు, ఇంగ్లీష్‌లో కవిత్వం రాసేవాడు, ఇంటిని కూడా ఆ కాలేజీ పోలికతోనే కోటలాగా కట్టించుకున్నాడని చెప్తారు. అంటే మొదటి పేరు నిజాం కాదు, జీతం మీద బతికిన ఒక జడ్జి. ఆయన దాన్ని 1920ల చివర్లో అమ్మితే అది ఏడో నిజాం రెండో కొడుకు మొఅజ్జం జా నివాసమైంది, ఆయన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డుకి అధ్యక్షుడు, షజీ అనే పేరుతో ఉర్దూ కవిత్వం రాసినాయన, 1931లో నీలోఫర్‌ని పెళ్లి చేసుకుని ఆమెని తెచ్చింది ఈ ఇంటికే. ఒకే గుట్ట మీద వరుసగా ఇద్దరు కవులు, నాకు ఇది ఎన్నిసార్లు తలుచుకున్నా సంతోషంగా ఉంటది. తర్వాత అది ప్రభుత్వం చేతికి పోయింది, రిట్జ్ హోటల్ అయ్యింది, హోటల్ మూతపడ్డాక టూరిజం శాఖ కింద ఏళ్ల తరబడి తాళం, గోడల్లో రావి మొక్కలు. రెండు కాలమ్‌లు గీసుకోమన్నా కదా, ఇక్కడ ఓనర్ కాలమ్‌లో జడ్జి, నిజాం కుటుంబం, ప్రభుత్వం అని వస్తాయి, ఉన్నవాళ్ల కాలమ్‌లో జడ్జి, షెహజాదా, నీలోఫర్, హోటల్ అతిథులు, ఆ తర్వాత వాచ్‌మన్.

ఫలక్‌నుమా అయితే ఇంకో పాఠం. 1884 మార్చి 3న పునాది, పాయిగా నవాబు వికార్ ఉల్ ఉమ్రాది, 1890ల చివర్లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి వచ్చింది. ఎట్లా వచ్చింది అంటే కానుక అని ఒక కథ, అప్పులు ఎక్కువై అమ్మాడని ఇంకో కథ, కానుకగా ఇస్తే నిజాం మొహమాటంగా డబ్బు ఇచ్చాడని మూడో కథ. ఇట్లాంటి చోట మీరు రాసేటప్పుడు "చేతికి వచ్చింది" అని మాత్రమే రాసి పక్కన మూడు కథలూ కథలుగా పెట్టండి. మహబూబ్ అలీ ఖాన్ 1911లో ఆ ఇంట్లోనే చనిపోయాడు, తర్వాత ఉస్మాన్ అలీ ఖాన్, ఆయన తర్వాత మనవడు ముకర్రం జా, రిపేర్లు దగ్గరుండి చూసుకున్నది ముకర్రం జా మొదటి భార్య ఎస్రా బేగం. ఆస్మాన్‌గఢ్ కట్టింది కూడా పాయిగానే, ఆస్మాన్ జా, దాదాపు అదే రోజుల్లో, నిజంగా యూరప్ కోటలాగా రాతి బురుజులతో, అది చివరికి స్కూల్ అయ్యింది, పిల్లలు ఆ బురుజుల కింద చదువుకున్నారు. ఎర్రమంజిల్ కూల్చి అసెంబ్లీ కడతామన్నప్పుడు 2019లో హైకోర్టు ఆపింది, ఆ తీర్పు తెచ్చుకుని చదవండి, హెరిటేజ్ రూల్స్ ఏవి ఎప్పుడు వచ్చాయి, ఎప్పుడు తీసేశారు అన్నది దాంట్లోనే తెలుస్తది.

పెద్దవాళ్లతో మాట్లాడటం చివరికి పెట్టుకోండి, చాలామంది మొదట చేస్తారు. కాగితాలు చూశాక పోతే మీరు సరైన ప్రశ్న అడుగుతారు. "ఈ ఇల్లు ఎవరిది" అని కాకుండా "మీ చిన్నప్పుడు కిరాయి ఎవరికి కట్టేవాళ్లు, రసీదు మీద ఎవరి పేరు ఉండేది, కరెంట్ బిల్లు ఎవరి పేరు మీద వచ్చేది, ఏ ఏడు గేటుకి రంగు మారింది" అని అడగండి. వంటామె, డ్రైవర్, మాలి కుటుంబాలని తప్పకుండా కలవండి, ఓనర్ల వారసులు అమెరికాలోనో లండన్‌లోనో ఉంటారు కానీ మాలి మనవడు అదే గుట్ట కింద బస్తీలో ఉంటాడు. కలిసినవాళ్ల ఫోన్ నంబర్లు, వారసుల వివరాలు మీ రాతలో పెట్టకండి, ఇప్పటికీ దావాలు నడుస్తున్న ఇళ్లు ఇవి, మీ ఒక్క వాక్యం వల్ల ఎవరో ఇబ్బంది పడొచ్చు.

బురుజు బంగ్లా దస్తావేజు చదివించినప్పుడు తూర్పు హద్దు "పుక్కా బావి, సర్కారీ దారి" అని ఉంది. ఇప్పుడు తూర్పున ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. అక్కడి వాచ్‌మన్‌ని బతిమాలి సెల్లార్ పార్కింగ్‌లోకి దిగితే ఒక మూల రెండు కార్ల మధ్య గుండ్రంగా సిమెంటు మూత, మధ్యలో ఇనుప కొండీ. మోటర్ అందులోంచే వస్తది సార్, ఎండాకాలం కూడా ఎండదు, అన్నాడు. మోకాళ్ల మీద కూర్చుని టేపు పెట్టి ఆ మూత నుంచి బంగ్లా గోడ వరకు కొలిచా, దస్తావేజులో 22 గజాలు అని ఉంది, నాకు అరగజం తక్కువ వచ్చింది.